ఎరుక – ఓర్పు

అధికారి పగలు ఒక్కమారు పలికిన కటువైన మాటను గుమాస్తా రాత్రి నిద్రపట్టు వరకు నూరుమార్లు వినును. తక్కిన తొంబదితొమ్మిది మార్లు పలికినది మనస్సే. సంసారి మోయు బరువులో పనివలన కలుగునది కొంత, పనిని గూర్చిన తలపోతవలన కలుగునది కొంత.

ఈ భేదమును బుద్ధుడు రెండు బాణముల ఉపమానముతో తెలిపినట్లు పాలీ సూత్రములు చెప్పుచున్నవి. దేహమునకు తగిలిన నొప్పి మొదటి బాణము. దానికై వగచుట రెండవది. దేహమున్నంతకాలము మొదటిది తప్పదు. రెండవదానికి విరుగుడైన సాధనకు పాలీలో ‘సతి’ యనియు, సంస్కృతమున ‘స్మృతి’ యనియు పేర్లు. తెలుగున ‘ఎరుక’ యనిన చాలును. శ్వాస వచ్చుచున్నది, పోవుచున్నది. కోపము లేచినది, తగ్గుచున్నది – ఇట్లు జరుగుచున్నదానిని జరుగుచుండగనే గుర్తించుట. మనస్సును శూన్యము చేయబూనినవారు మాత్రము ఊరక అలసిపోవుదురు.

1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలయందు దీర్ఘబాధలుగల రోగులకు ఈ సాధనను నేర్పసాగెను. నేడది 8 వారముల శిక్షణగా పలుదేశములందు వ్యాపించినది. 2014లో 47 పరిశోధనలను కలిపి పరిశీలించిన వైద్యపండితులు, ధ్యానశిక్షణవలన ఆందోళన, క్రుంగుబాటు, నొప్పి విషయమున ఒక మోస్తరు మేలు కలదనిరి; మందులు, వ్యాయామము మొదలగువానికన్న మిన్న యనుటకు ఆధారము లేదనిరి. ఈ రెండవ మాటను ప్రచారకులు తరచు మరచుదురు.

ఎడమ అరచేత ఇష్టలింగమునుంచి దృష్టి నిలుపు కుటుంబములకు ఏకాగ్రత క్రొత్త గాదు. కాని ఆ దృష్టి లింగాంగ సామరస్యమును కోరునది. మనస్సు తేలికపడిన పడవచ్చును, పూజ అందుకొరకు కాదు. రెండింటిని ఒకటే యనుట దేనికిని న్యాయము గాదు.

ఇచ్చట ధర్మసందేహమొకటి కలదు. నలుగురి పని ఒక్కని నెత్తిన పెట్టి ‘శ్వాసను గమనించి ఓర్చుకొనుము’ అని యజమాని బోధించినచో? ఇంటిల్లిపాది చాకిరిని కోడలొక్కతెకే వదలి ఆమెకు శాంతి నుపదేశించినచో? అప్పుడు ఎరుక పేర మత్తుమందు పోయుటయే యగును. సంసారమున కొన్ని బాణములు సాటి మనుష్యులు వేయునవే గదా! నిజముగా ఎరుక కలిగినవానికి రెండవ బాణము తన చేతిదనియు, మొదటిది ఎవరి వింటినుండి వచ్చినదో అదియు వేర్వేరుగా తెలియును. ఉడికిపోవు గుమాస్తా అధికారితో తగవు పడును. నెమ్మదించినవాడు పనిని లెక్కవేసి చూపి, ఇంతకు మించి చేయజాలనని చెప్పును. కోడలును అట్లే చెప్పిననాడు, ఈమెకు ఓర్పు తగ్గినదని ఇంటివారు అనవచ్చును. అనినను, పని పంచుకొనక వారికి తప్పదు.