మొన లేని కత్తి

మా అక్క కొడుక్కి సుక్మా జిల్లాలో పోస్టింగు వచ్చింది. బయల్దేరే ముందురోజు రాత్రి ఫోను చేశాడు. "మామయ్యా, పెట్రోలింగ్‌కి పోయేటప్పుడు నడుముకు పెట్టుకోవడానికి గట్టి కత్తి ఒకటి చెప్పు. దెబ్బ తగిలిన వాళ్లను ముందు చూడాల్సింది మేమే" అన్నాడు. నేను ఆ అడవుల్లోనే ఏడేళ్లు నర్సింగ్ అసిస్టెంటుగా తిరిగినవాణ్ణి. "మొన లేనిది కొనుక్కో" అన్నాను. అదేం కత్తి అన్నట్టు వాడు కాసేపు మాట్లాడలేదు. అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

మాది దుమ్ముగూడెం మండలం. పర్ణశాల మాకు నడక దూరం. మా నాన్న సాయంత్రాలు వాల్మీకి రామాయణం చదివి అర్థం చెప్పేవాడు. అరణ్యకాండ వచ్చేసరికి ఆయన గొంతు మారిపోయేది, మన ఇంటి వెనక జరిగిన సంగతి చెబుతున్నట్టు. భద్రాచలం దాటి, చింతూరు దాటి, కొంటా దగ్గర బస్తర్‌లోకి అడుగుపెడితే ఆ అడవే ఇంకా సాగుతుంది. దండకారణ్యం అని పెద్దలు చెప్పుకునే నేల అది.

ఆ దండకలో నడుస్తూనే సీత రాముడికి ఒక కథ చెబుతుంది. తపస్సు చేసుకునే ఒక ముని దగ్గరికి ఇంద్రుడు భటుడి వేషంలో వచ్చి, దాచిపెట్టమని ఖడ్గం ఒకటి ఇచ్చి పోతాడు. ఇంకొకరి సొమ్ము కదా, పోగొట్టకూడదని ముని దాన్ని వదలడు. దుంపలకు వెళ్లినా, పళ్లకు వెళ్లినా వెంటే. మోసీ మోసీ కొన్నాళ్లకు మనసు క్రూరమైపోతుంది. తపస్సు చెడుతుంది. నరకానికి పోతాడు. మనకు పగ లేనివాళ్ల మీద విల్లు ఎత్తడం గురించి ఆలోచించమని సీత మెల్లగా భర్తకు చెప్పిన మాట ఇది.

క్యాంపులో ఎవర్నడిగినా వేరే మాట చెబుతారు. కత్తిదేం తప్పు, పట్టిన చేతిదే తప్పు అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పనికైనా ఐదు కారణాలుంటాయని ఉంది. చేసేవాడితో పాటు చేసే సాధనాన్నీ అక్కడ లెక్కలో వేశారు. చదివినప్పుడు అది నాకు తలకెక్కలేదు. ఒక రాత్రి ఎక్కింది.

దోర్నపాల్ నుంచి జగర్‌గుండాకు పోయే దారి. మందుపాతర పేలి ఒక కుర్రాడి ఎడమకాలు ఛిద్రమైంది. బండి గుంతల్లో ఎగిరెగిరి పడుతోంది. రక్తం ఎక్కణ్ణుంచి పోతోందో చూడాలంటే ముందు ప్యాంటు కొయ్యాలి, బూటు విప్పాలి. నా దగ్గరున్నది రెండువైపులా పదునుతో, సూదిలాంటి మొనతో ఉన్న కత్తి. కొన్నప్పుడు చాలా ముచ్చటపడ్డాను, పట్టుకుంటే వీరుణ్ణనిపించేది. బండి ఒక్క కుదుపు కుదిపింది. మొన అతని కుడి తొడలో, దెబ్బ తగలని తొడలో, దిగింది. ఆ రెండు కుట్లూ నేనే వేశాను. ఆ కుర్రాడు నన్నేమీ అనలేదు. ఆ రాత్రి నా చేతిలో ద్వేషం లేదు, కోపం లేదు. అయినా మొన తన పని తాను చేసుకుపోయింది. పొడవడానికి పుట్టిన ఆకారం పొడుస్తుంది. సీత చెప్పింది ఇదేనని అప్పుడు తెలిసింది.

అందుకే అల్లుడా, చివర గుండ్రంగా, మొద్దుగా ఉన్నదే చూడు. అది చర్మానికీ బట్టకీ మధ్య జారుకుంటూ పోతుంది. అలుగులో సగం నున్నటి పదును, సగం రంపపు పళ్లు ఉంటే మంచిది. సీటుబెల్టూ, తడిసిన తాడూ, బ్యాగు పట్టీలూ పళ్లకే తెగుతాయి. మడిచేదానికంటే మడవనిదే మేలు. వానాకాలపు బురద కీలులో చేరితే చలి చేతులతో తెరవలేవు. అలుగు ఇనుము పిడి చివరిదాకా ఒకే ముక్కగా ఉండాలి. తుప్పు పట్టని ఉక్కు చూసుకో, జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ ఏదీ ఆరదు. పిడి నారింజ రంగులో ఉంటే ఆకుల్లో పడ్డా దొరుకుతుంది. పిడి అడుగున అద్దం పగలగొట్టే కార్బైడ్ ముక్క ఉంటే, తిరగబడ్డ బండి పక్క అద్దాన్ని మూల దగ్గర కొట్టు. ముందు అద్దం జోలికి పోకు, దాని పొరల మధ్య ప్లాస్టిక్ ఉంటుంది, బీటలిస్తుంది తప్ప ఊడిరాదు.

అయితే సీత మాటకు బస్తర్ మనుషులే ఎదురు సాక్ష్యం కదా అని నాకు నేనే వాదించుకున్నాను. అక్కడ భుజాన గొడ్డలి లేని మగవాడు కనపడడు. సంతకు పోయినా, చుట్టాలింటికి పోయినా గొడ్డలి ఉంటుంది. అంత మెత్తటి మనుషుల్ని నేనింకెక్కడా చూడలేదు. మరి మునికి పట్టిన గతి వాళ్లకెందుకు పట్టలేదు? చాలాకాలం ఆలోచించాక నాకు తోచింది ఇది. వాళ్ల గొడ్డలికి పొద్దున్నుంచీ పని ఉంది. కట్టె కొట్టాలి, కంచె వెయ్యాలి, దారికడ్డమైన కొమ్మ నరకాలి. శ్రావణ అమావాస్యనాడు హరేలీ పండక్కి నాగలినీ గొడ్డలినీ పారనీ కడిగి, వరసగా పెట్టి పూజ చేస్తారు. జగదల్‌పూర్‌లో దంతేశ్వరి అమ్మవారి దసరా 75 రోజులు సాగుతుంది. అది మొదలయ్యేదీ ఆ అమావాస్యనాడే, రథానికి తెచ్చిన దుంగకు పూజతో. ముని చేతి ఖడ్గానికి మాత్రం ఏ పనీ లేదు. కాపలా కాయడం తప్ప దాంతో ఆయన ఏమీ చెయ్యలేదు. పని లేని ఆయుధం ఆయన మనసులోనే పని వెతుక్కుంది.

రాముడు సీతను కోప్పడలేదు. ఆర్తుల కేక వినపడకూడదనే క్షత్రియుడు విల్లు పడతాడని జవాబిచ్చాడు. ఆ జవాబు నాకిష్టం. కానీ అది కేకకు ముందు పని. మనల్ని పిలిచేది కేక వినపడ్డాకే. 2021 జనవరిలో డీఆర్‌డీవో వాళ్లు సీఆర్‌పీఎఫ్‌కు 21 'రక్షిత' బైకు అంబులెన్సులు అప్పగించారని చదివినప్పుడు నా కళ్లు చెమర్చాయి. కేక విన్నాక ఎలా పరుగెత్తాలో ఆలోచించినవాళ్లు చేసిన పని అది.

ఇంకొక్క సంగతి చెబుతాను. నా సర్వీసు చివరి వానాకాలం, కొంటాకు ఇవతల. నలుగురు డోలీ మోసుకొస్తున్నారు. లోపల దొర్ల తెగ పిల్ల, నొప్పులు పడుతోంది. వాగు దాటేసరికి అడ్డనార తాడు నానిపోయి ముడి బిగుసుకుంది. ఆమెను వెంటనే కింద పడుకోబెట్టాలి, ముడి రావడం లేదు. నేను కత్తి తీశాను. యూనిఫాంలో ఉన్నవాడు కత్తి తీస్తే ఆ అడవిలో ఎవరికేమి గుర్తొస్తుందో నేను చెప్పక్కర్లేదు. ఆ పిల్ల కళ్లు మూసుకుంది. అత్తగారు నా మణికట్టు పట్టేసింది. నేను చెయ్యి విదిలించుకోలేదు. కత్తి చివరను నా అరచేతిలో గట్టిగా అదిమి చూపించి, ఆమె చేతికిచ్చాను. ముసలమ్మ ఆ గుండ్రటి చివరను బొటనవేలితో రెండుసార్లు తడిమింది. తరవాత తాడును తనే బిగువుగా లాగి పట్టుకుంది. "కొయ్యి బాబూ" అని, కత్తిని పిడివైపు నుంచి నాకందించింది.