సెలవిచ్చువాడెవడు?

వెబ్‌సైటులకు రూపకల్పన చేయుట నా వృత్తి. నాకు యజమాని లేడు, పనిగంటలు లేవు. ఇదియే స్వాతంత్ర్యమని చిరకాలము గర్వించితిని.

మొన్నటి కనుమనాడు మా యూర విస్తరిముందు కూర్చుండగా సెల్‌ఫోను మ్రోగినది. ఒక దుకాణమువారి వెబ్‌సైటులో బొమ్మ యొకటి ప్రక్కకు జరిగినదట! ల్యాప్‌టాపు తీసి దానిని సరిచేసి వచ్చునప్పటికి గారెలు చల్లారినవి. మా యమ్మ విస్తరికడనే కూర్చుండి యున్నది. "నీకు సెలవిచ్చేవాడు ఎవడురా, నాయనా?" అని మాత్రమే యడిగినది.

బొంబాయి మిల్లు కూలీలు నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వమున పోరాడి 1890లో ఆదివారపు సెలవు సంపాదించిరి. పనివేళ గడచిన పిదప సందేశములకు బదులీయకుండు హక్కును ఫ్రాన్సుదేశపు శాసనము 2017 నుండి ఉద్యోగులకు గుర్తించినది. కాని యీ రెండును యజమాని గలవారికే. యజమానియు సేవకుడును తానే యైనవాడు ఎవనితో పోరాడవలెను?

దోషము యంత్రముది కాదు. దానిని ఆపు మీట దానియందే కలదు. బేరము పోవునను భయమా? అది యసత్యము కాదు. కాని యా బొమ్మ మరునాటివరకు ఆగియుండెడిది. పిలుపు విన్నంతనే "నేను లేనిదే జరుగదు" అను నొక రహస్యానందము నాకు కలిగినది. ఆ యానందమే నా యజమాని. దానికే నేను స్వాతంత్ర్యమని పేరు పెట్టుకొంటిని.

చదువరులారా! తన పనిని తాను ఆపుకొనలేనివాడు స్వతంత్రుడెట్లగును? వచ్చు ఉగాదినాడు ఫోను ఆపివేసెదను. ఒక బేరము పోయిన పోవుగాక! అది నా స్వాతంత్ర్యమునకు నేను చెల్లింపవలసిన వెల.