బట్టలు పెట్టని పేరు

2024 మార్చి 18న నేను ఊళ్ళో ఉన్నాను. అద్దంకి దగ్గర పదహారో నంబరు హైవే మీద వాయుసేన విమానాలు దిగుతాయని ముందే చెప్పారు. అవసరం పడితే రోడ్డునే రన్‌వేగా వాడుకునేలా వేసిన ముక్క అది. మిరపకాయలు ఎండబోసిన కల్లం దగ్గర నిలబడి మేమూ దూరం నుంచి చూశాం. సుఖోయ్‌లు బాగా కిందికి వచ్చి, దిగకుండానే పైకి లేచిపోయాయి. రవాణా విమానం మాత్రం నిజంగానే దిగింది. ఏఎన్-32. పిల్లలు ఈలలేశారు. నాన్న అడిగాడు: "ఏరా, మొన్న సముద్రంలో దొరికిందన్నారే, అదీ ఇట్టాంటిదేనా?"

అదే రకం. 2016 జులై 22 ఉదయం చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన ఏఎన్-32 బంగాళాఖాతం మీద రాడార్ నుంచి మాయమైంది. అందులో 29 మంది ఉన్నారు. వాళ్ళలో 8 మంది విశాఖపట్నం నావల్ ఆర్మమెంట్ డిపోలో పనిచేసే మామూలు ఉద్యోగులు. ఓడలూ విమానాలూ వారాల తరబడి వెతికినా ఏమీ దొరకలేదు. ఏడున్నరేళ్ళ తర్వాత, 2024 జనవరిలో, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ లోతుల్లోకి పంపిన యంత్రం తీసిన ఫోటోల్లో శకలాలు బయటపడ్డాయి. తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరాన, 3,400 మీటర్ల లోతున.

ఆ ఏడున్నరేళ్ళూ ఆ ఇళ్ళలో ఏం చేసుంటారు? ఫోటోకి దండ వేద్దామన్నది ఎవరు, వద్దన్నది ఎవరు? శవం దొరక్కపోతే దర్భలతో మనిషి బొమ్మ చేసి దహనం చేసే పద్ధతి మన శాస్త్రాల్లో ఉంది. కానీ ఆ బొమ్మ చెయ్యాలంటే ముందు ఎవరో ఒకరు 'ఇక రాడు' అనాలి. ఆ మాట అనే హక్కు ఎవరిది?

యుద్ధకాలపు బాంబర్ విమానాల దగ్గరికొస్తే ఈ ప్రశ్న వేల రెట్లవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఒక లాంకాస్టర్ తిరిగి రాలేదంటే ఏడుగురు ఒకేసారి తప్పిపోయినట్టు. సముద్రంలో పడితే చూసిన సాక్షి కూడా ఉండడు. లండన్‌కి దగ్గర్లో రన్నీమీడ్ అనే చోట 1953లో ఆవిష్కరించిన స్మారకం మీద, సమాధి ఎక్కడో తెలియని వైమానికుల పేర్లు 20,000కు పైగా ఉన్నాయి. మన వైపు బెంగాల్ స్థావరాల నుంచి లిబరేటర్ బాంబర్లు బర్మా మీదికి వెళ్ళేవి. ఇలా తూర్పు యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన వైమానికుల పేర్లు, సైనికుల పేర్లతో కలిపి సింగపూర్‌లోని క్రాంజి గోడల మీద చెక్కారు. మొత్తం 24,000కు పైగా. మా దొనకొండలో కూడా ఆ యుద్ధం కోసం బ్రిటిష్ వాళ్ళు కట్టిన ఎయిర్‌డ్రోమ్ ఉంది. ఇప్పుడక్కడ విమానాల్లేవు.

ఇదంతా చెప్తే ఒక ఫ్రెండ్ అన్నాడు: "అది వాళ్ళ గొడవ. మనం కాల్చి బూడిద నీళ్ళలో కలుపుతాం. మనకి సమాధే లేనప్పుడు, 'సమాధి తెలియదు' అన్న బాధ ఎక్కడిది?" వినడానికి సబబుగానే ఉంది. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. కానీ సరిగ్గా ఇదే మాట ఇంకెవరో మన గురించి ముందే అనేశారు. ఆ స్మారకాలన్నీ చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 2021లో తన తప్పు తానే ఒప్పుకుంటూ ఒక నివేదిక ఇచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ళలో 45,000 నుంచి 54,000 మందిని, ఎక్కువగా భారతీయుల్నీ ఆఫ్రికన్లనీ, మిగతావాళ్ళతో సమానంగా స్మరించలేదట. ఇంకో 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో స్మరించలేదు, లేదా అసలు స్మరించనే లేదు. వీళ్ళకి విడివిడిగా గుర్తులు అక్కర్లేదని అప్పటి అధికారులు అనుకోవడం ఒక కారణం. మనం వేదాంతంగా చెప్పుకునే మాట వాళ్ళకి ఖర్చు తగ్గించుకునే సాకు అయింది.

పైగా మనకి గుర్తులు అక్కర్లేదన్నది నిజం కూడా కాదు. కారంపూడిలో ఏటా కార్తీకంలో పల్నాటి వీరుల ఉత్సవం జరుగుతుంది. ఆయుధాలు తెచ్చి పూజిస్తారు. మనిషి లేడు, ఒళ్ళు లేదు, కత్తే ఆ మనిషి. రాయి లేకపోయినా, ఏడాదికోసారి పేరు పిలిచే రోజు ఒకటి ఉండాలి.

మా ఇంట్లో ఆ రోజు సంక్రాంతి. పెద్దలకి కొత్తబట్టలు పెట్టి, పేరుపేరునా తల్చుకుని దణ్ణం పెట్టుకుంటాం. ఆ పేర్లలో తాతయ్య వాళ్ళ అన్న పేరు ఉండదు. యుద్ధంలో మిలట్రీకి వెళ్ళాడు. బర్మా వైపు అన్నారు. అంతే. వాళ్ళమ్మ, మా జేజమ్మ, బతికున్నంత కాలం బట్టలు పెట్టనివ్వలేదట. "పోయాడని ఎవరు చూశారు? బతికున్నోడికి బట్టలు పెడతారా?" అనేదట.

నేను పొద్దస్తమానం డేటాబేస్‌లతో పనిచేస్తాను. అందులో 'నల్' అని ఒకటుంటుంది. సున్నా కాదు, 'లేదు' అనీ కాదు, 'తెలియదు' అని. దాంతో చిక్కేంటంటే, ప్రశ్న కాస్త అజాగ్రత్తగా రాస్తే నల్ ఉన్న వరసలు చడీచప్పుడు లేకుండా జాబితాలోంచి రాలిపోతాయి. ఎర్రర్ కూడా రాదు. జేజమ్మ బట్టలు పెట్టకపోవడం కొడుకుని గుర్తుపెట్టుకోవడమే. ఆ 'తెలియదు'ని ఆవిడ గట్టిగా పట్టుకుని కూచుంది. ఆవిడ పోయాక మేమూ పెట్టలేదు, కానీ మాది మరుపు. చేసింది ఒకటే, అర్థం తిరగబడింది. రన్నీమీడ్ గోడ జేజమ్మ లాంటిదని నాకనిపిస్తుంది. ఎక్కడున్నాడో తెలియదు, కానీ వరస మాత్రం కొట్టెయ్యం అంటుంది.

ఇక్కడ ఇంకో ప్రశ్న దాటెయ్యలేను. బాంబర్లో వెళ్ళినవాడు ఊళ్ళ మీద బాంబులు వేశాడు కదా, వాడి పేరెందుకు చెక్కాలి? 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మనం కింద ఉన్నవాళ్ళం కూడా. అయినా పేరు చెక్కడం పతకం ఇవ్వడం కాదనుకుంటాను. ఫలానా మనిషి ఉండేవాడు, తిరిగి రాలేదు అన్నంత వరకే దాని సాక్ష్యం. అన్యాయం ఎక్కడంటే, పైనుంచి పడ్డవాడికి గోడ ఉండి, కింద ఉన్నవాడికి లేకపోవడంలో. ఆ ఏప్రిల్ 6న మన తీరంలో పోయినవాళ్ళ పేర్లు నేను ఒక్కచోట కూడా చదవలేదు. ఆ పేర్లు కూడా రాయమని అడగాలి గానీ, ఉన్నవి చెరిపెయ్యమని కాదు.

పెద్దతాతయ్య కోసం కమిషన్ వెబ్‌సైట్లో వెతికాను. అదే పేరుతో చాలామంది ఉన్నారు. గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసిన స్పెల్లింగులు. సర్వీసు నంబరు మా దగ్గర లేదు. వాళ్ళలో ఒకర్ని మావాడేనని చెప్పుకుంటే, ఇంకో ఇంటివాళ్ళ మనిషిని తీసుకున్నట్టే. చెప్పుకోలేదు.

నాన్నకి అంతా చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "అయితే పండక్కి ఇంకో పంచె తెమ్మంటావా?" అన్నాడు.

తెచ్చాం. ఎక్కడ పోయాడో, ఎప్పుడు పోయాడో చెప్పకుండా, పేరు మాత్రం పైకి చెప్పి పెట్టాం. ఆ పేరు నాన్న నోట నేను వినడం అదే మొదటిసారి.