ఆలస్యముగా వచ్చినవాని బాకా

ధ్యాన భాగములు: 1 కొరింథీ. 11:17-34, సంఖ్యా. 12:1-16



హనుమకొండలో మేము సాయంకాలము నడచివచ్చు త్రోవలో ఒక ఉన్నత పాఠశాల కలదు. వర్షములు వెనుకబట్టినది మొదలు ఆ పాఠశాల మైదానమునుండి బ్యాండు ధ్వని వినవచ్చుచున్నది. మొదటి వారము దానిని సంగీతమనుటకంటె రణగొణ ధ్వని యనుట న్యాయము. డ్రమ్ములు ఒక త్రోవను, బాకాలు ఒక త్రోవను పోవుచుండెను. రెండవ వారమున అడుగు కుదిరెను. నాలుగవ వారమున మేము నడక మాని త్రోవలోనే నిలిచిపోయితిమి. గేటువద్దనున్న కావలివానిని అడిగి లోపలికి పోయి, వేపచెట్టు క్రింది అరుగుమీద కూర్చుంటిమి.

అక్కడ ముప్పదిమంది బాలురు కసరత్తు చేయుచుండిరి. గణతంత్ర దినోత్సవ సంబంధముగా కేంద్ర విద్యాశాఖయు రక్షణశాఖయు కలిసి పాఠశాలల బ్యాండు పోటీలను జరుపుచున్న సంగతి మీలో కొందరెరుగుదురు. రాష్ట్రములో గెలిచినవారు మండలస్థాయికిని, అందులో గెలిచినవారు ఢిల్లీకిని పోవుదురు. 2025 జనవరిలో మేజర్ ధ్యాన్‌చంద్ క్రీడాంగణమున జరిగిన తుది పోటీకి దేశమంతటినుండి చేరినవి 16 బృందములు మాత్రమే. బాలురకును బాలికలకును వేరువేరుగా ఇత్తడి బ్యాండు, పైపు బ్యాండు అను నాలుగు తరగతులుండగా, తరగతికి నాలుగేసి బృందములు నిలిచెను. మన హనుమకొండ బాలురు ఇంకను రాష్ట్రపు మెట్టు ఎక్కవలసియున్నారు. వారి పోటీ దినము ముందున్నది.

కసరత్తు ముగిసిన తరువాత బ్యాండు మాస్టరుగారు మా ప్రక్కన కూర్చుండి కొన్ని సంగతులు వివరించిరి. చెవిని నమ్మి నడచిన బ్యాండు చెడిపోవునని ఆయన చెప్పగా మేము ఆశ్చర్యపడితిమి. శబ్దము గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. ముందు వరుసకును వెనుక డ్రమ్ముకును 17 మీటర్ల ఎడమున్నయెడల, డ్రమ్ము దెబ్బ ముందువానికి సెకనులో ఇరువదియవ వంతు ఆలస్యముగా వినబడును. నిమిషమునకు 120 అడుగుల నడకలో అది అడుగులో పదియవ వంతు. ముందువాడు ఆ దెబ్బను విని ఊదును, వాని ఊదుడును విని వెనుకవాడు కొట్టును. ఇట్లు ఒకరినొకరు వెంబడించుచు అందరును వెనుకబడుదురు. కాబట్టి అందరును ముందు నడచు నాయకుని చేతి దండమును చూడవలెను. చూపునకు ఆలస్యము లేదు. యేసువైపు చూచుచు పరుగెత్తవలెనని హెబ్రీయులకు వ్రాసినవాడు (హెబ్రీ. 12:1-2) చెప్పినది ఇదియే గదా! మనము సంఘములో పొరుగువాని చప్పుడును విని నడచుచున్నాము గనుకనే అడుగు తప్పుచున్నాము.

ఆయన చెప్పిన రెండవ సంగతి మా హృదయమును మరి ఎక్కువగా పట్టుకొనెను. ఇత్తడి బాకా చల్లగా నున్నప్పుడు దాని స్వరము దిగియుండును. ఊదినకొలది లోపలి గాలి వెచ్చబడి స్వరము హెచ్చును. అందుచేత మొదట అందరును కొంతసేపు ఊది వాయిద్యములను వెచ్చచేసికొని, ఆ తరువాతనే శ్రుతి కలుపుకొందురు. ఆలస్యముగా వచ్చి తిన్నగా వరుసలో నిలిచినవాడు ఎంత సరిగా ఊదినను, వాని స్వరము తక్కినవారి స్వరముతో కలియదు. లోపము వాని వేళ్లలో లేదు, వాని శ్వాసలో లేదు. వాని బాకా చల్లగా నున్నది, అంతే.

అటువంటి బాలుడొకడు ఈ బ్యాండులో నున్నాడు. వాని తలిదండ్రులు ఏనుమాముల మార్కెట్టు దగ్గర చాయ బండి పెట్టుకొని బ్రతుకుచున్నారు. పత్తి వచ్చు కాలమున రైతులు రాత్రియే బండ్లతో వచ్చి తెల్లవారువరకు మార్కెట్టువద్ద కనిపెట్టుకొని యుందురు. ఆ రెండు మూడు నెలల బేరముతోనే ఆ యింటికి సంవత్సరమంతయు గడువవలెను. కాబట్టి బాలుడు తెల్లవారుజామున గ్లాసులు కడిగి, చాయ అందించి, తరువాత బస్సెక్కి వచ్చును. మొదట కసరత్తు ఉదయము ఆరున్నర గంటలకు జరుగుచుండెను. వాడు ఏడుంబావుకు ముందు ఏనాడును రాలేదు. చల్లని బాకాతో వరుసలో దూరును, స్వరము చెడును, మాస్టరుగారు అందరిని ఆపి మరల మొదలుపెట్టించును. పది దినములు ఓర్చి ఆయన వాని స్థానమున మరియొకని పెట్ట నిశ్చయించిరి. "ఒక్కనికొరకు ఇరువదితొమ్మండుగురిని పాడుచేయుట న్యాయమా?" అని ఆయన మమ్మునడిగిరి. మేము జవాబు చెప్పలేకపోతిమి.

జవాబు చెప్పినవాడు పెద్ద డ్రమ్ము మోయు బాలుడు. "సార్, వాడు పొద్దుగాల రాలేడు. మనమే మాపటికి పెట్టుకుందం" అని వాడు అందరియెదుట అనెనట. అది తేలికగా జరుగు పని కాదు. పదియవ తరగతివారికి సాయంకాలము ట్యూషనులున్నవి. దూరమునుండి వచ్చువారికి బస్సు తప్పిపోవును. ఇద్దరు ముగ్గురు తండ్రులు వచ్చి కోపపడిరి. అయినను బాలురు తమలో తాము మాటలాడుకొని, ట్యూషను వేళను కొందరు మార్చుకొని, బస్సు లేనివారిని కొందరు సైకిళ్లమీద దింపుటకు ఒప్పుకొనిరి. మాస్టరుగారు ఒక వారము చూతమనిరి. ఇప్పటికి నాలుగు వారములైనది. మేము త్రోవలో నిలిచి వినిన ఆ సంగీతము ఒకనికొరకు ముప్పదిమంది తమ వేళ మార్చుకొనిన సంగీతము.

ప్రియులారా, ఈ సంగతి వినినప్పుడు కొరింథు సంఘము మాకు జ్ఞాపకమునకు వచ్చెను. ఆ సంఘస్థులు ప్రభువు బల్లయొద్దకు కూడివచ్చుటయే వారికి కీడాయెనని పౌలు గద్దించుచున్నాడు. ఏమి జరిగెను? కొందరు ముందుగా వచ్చి తమ భోజనము తాము తిని తృప్తిపడిరి, కొందరు ఆకలితో నుండిరి. ఆకలితో నున్నవారు ఎవరు? దాసులు, కూలివారు, దినమంతయు యజమానుని పనిలో నుండి చీకటిపడిన తరువాత రాగలిగినవారు అని వాక్యపండితులనేకులు తలంచుచున్నారు. అప్పటికి ఆదివారము సెలవు దినము కాదు. క్రీ.శ. 321లో కాన్‌స్టంటైను చక్రవర్తి శాసనము చేయువరకు అది రోమా రాజ్యములో అందరికివలె పనిదినమే. తీరిక గలవారు వేళకు వచ్చిరి, తీరిక లేనివారు ఆలస్యముగా వచ్చిరి. పౌలు ఆలస్యముగా వచ్చినవారిని ఒక్క మాటయైనను అనలేదు. ముందుగా వచ్చినవారినే ఆగుమనెను, తోటివారికొరకు కనిపెట్టుకొనుమనెను. ఆ పత్రికలోనే మరి కొంత ముందుకు పోయి (14:7-8) స్వరభేదము లేని పిల్లనగ్రోవినిగూర్చియు, స్పష్టత లేని బూరధ్వనినిగూర్చియు వ్రాయుచున్నాడు. బల్లయొద్ద కనిపెట్టుకొననివారి పాటకు స్పష్టత ఎక్కడనుండి వచ్చును?

ఇంకను వెనుకకు పోయి అరణ్యములో ఇశ్రాయేలీయుల దండును చూడుడి. ఎఱ్ఱసముద్రము దాటిన దినమున తంబుర పట్టి స్త్రీలను నడిపించిన మిర్యాము (నిర్గమ. 15:20) ఇప్పుడు కుష్ఠము తగిలి పాళెము వెలుపల ఏడు దినములుండెను. అది ఆమె స్వంత తప్పిదమువలన కలిగినదే. మోషేకు విరోధముగా మాటలాడినందున వచ్చిన శిక్ష. పాళెములో యుద్ధమునకు పోదగిన పురుషులే 6,03,550 మంది అని లెక్క వ్రాయబడెను (సంఖ్యా. 1:46). వాగ్దాన దేశము ముందున్నది. ఒక స్త్రీకొరకు, అందును తప్పు చేసిన స్త్రీకొరకు, అంత జనము ఆగవలెనా? ఆగెను. ఆమె మరల పాళెములో చేర్చబడువరకు జనులు కదలలేదని లేఖనము చెప్పుచున్నది (12:15). ఏడు దినముల ప్రయాణము ఆలస్యమాయెను గాని, తంబుర పట్టిన స్త్రీని అరణ్యములో విడిచిపెట్టి రాలేదు. తన తప్పువలన వెనుకబడిన ఆమెకొరకే అంత జనము ఆగినయెడల, తలిదండ్రులకు చేయూతనిచ్చి ఆలస్యమైనవానికొరకు మనమెంత ఎక్కువగా ఆగవలెను!

దావీదు దేవాలయ గాయకులను నియమించినప్పుడు వారు 288 మంది నేర్పరులు. వంతులకొరకు చీట్లు వేయగా చిన్న పెద్ద భేదము లేదు, గురువు శిష్యుడు అను భేదము లేదు (1 దినవృ. 25:7-8). సొలొమోను ఆలయ ప్రతిష్ఠనాడు యాజకులు తమ తమ వంతులను చూచుకొనక అందరును తమ్మును ప్రతిష్ఠించుకొనిరి. బూరలు ఊదువారు 120 మంది యాజకులు గాయకులతో కలిసి ఒక్కరివలె ధ్వని చేసినప్పుడు, మేఘము మందిరమును నింపెను (2 దినవృ. 5:11-14). ఆ మహిమ ఎప్పుడు దిగెనో గమనించుడి. "నా వంతు, నీ వంతు" అను లెక్క పోయినప్పుడు దిగెను.

ఇంతవరకు వ్రాసి మేము కలము క్రింద పెట్టవలసివచ్చినది. ఏలయనగా ఇతరులకు బోధించుటకు ముందు మేము ఒప్పుకొనవలసినది యొకటి కలదు.

మూడు సంవత్సరముల క్రిందట కొన్ని సంఘములు కలిసి క్రిస్మసు పాటల పోటీ జరిపినవి. మేము చేరియున్న సంఘము కూడ గాయకబృందమును సిద్ధపరచినది. ఆ బృందములో ఆటో నడుపుకొను తమ్ముడొకడుండెను. మంచి స్వరము గలవాడు. శనివారము సాయంకాలము రైళ్లు వచ్చు వేళ కాజీపేట స్టేషనువద్ద బేరము విడిచి రాలేక తరచుగా ఆలస్యమగుచుండెను. నాలుగవసారి ఆలస్యమైనప్పుడు పెద్దలు కూర్చుండి అతని పేరు కొట్టివేసిరి. ఆ పెద్దలలో మేమును ఉంటిమి. క్రమశిక్షణ కావలెనని గట్టిగా మాటలాడినది కూడ మేమే. ఎందుకు ఆలస్యమగుచున్నదని అతనిని అడిగినవారు ఎవరును లేరు. మా బృందమునకు రెండవ బహుమతి వచ్చెను. ఆ కప్పు నేటికిని గుడి బీరువాలో నున్నది. ఆ తమ్ముడును నేటికిని గుడికి వచ్చుచున్నాడు; చివరి బల్లమీద కూర్చుండును; అందరును పాడునప్పుడు పాటల పుస్తకము తెరచి పట్టుకొనును గాని నోరు తెరువడు.

గెలువవలెనని సిద్ధపడుట పాపము కాదు. పందెములో పరుగెత్తువాడు బహుమానము పొందునట్లు పరుగెత్తవలెనని పౌలే చెప్పెను (1 కొరింథీ. 9:24). ఆ బాలురును గెలువవలెననియే ఊదుచున్నారు. ప్రతి సాయంకాలము ఒకే అడుగును నలువది సార్లు వేయుచున్నారు. కాని వారు ముందు ఎవరెవరు కలిసి గెలువవలెనో నిశ్చయించుకొని, ఆ తరువాత గెలుచుటకు సిద్ధపడుచున్నారు. మేము ముందు గెలుపును నిశ్చయించుకొని, దానికి అడ్డమైనవానిని తీసివేసితిమి. అందుచేత పోటీ ముగిసినప్పుడు మా చేతిలో కప్పు మిగిలెను, మా పాటలో ఒక స్వరము తక్కువాయెను.

ఆమోసు దినములలో దేవుడు తన జనుల పాటల ధ్వనిని తనయొద్దనుండి తొలగించుమనెను (ఆమోసు 5:23-24). వారి శ్రుతి తప్పినందున కాదు. వారిలో న్యాయము లేనందున. క్రిస్మసు దగ్గరపడుచున్నది. మన గుడులలో గాయకబృందములు కూడుచున్నవి. ఈ మాసమున ప్రతి సంఘమును తన్ను తాను అడుగుకొనదగిన ప్రశ్నలు ఇవి: మనము నిర్ణయించిన వేళ ఎవరి తీరికనుబట్టి నిర్ణయించితిమి? పత్తి ఏరబోవు అక్క ఆ వేళకు రాగలదా? రాత్రి కావలికి పోవు అన్న రాగలడా? ఆలస్యముగా వచ్చినవానిని చూచి మొదట మనము చూచునది గడియారమునా, వాని ముఖమునా? చలిలోనుండి వచ్చినవాని బాకా వెచ్చబడుటకు పది నిమిషములు ఇచ్చుచున్నామా?

గత ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మేము ఆ తమ్ముని యింటికి పోయితిమి. అతని భార్య చాయ ఇచ్చెను. మేము చేసినది తప్పని చెప్పి క్షమాపణ అడిగితిమి. అతడు చాలసేపు నేలచూపు చూచి, "అయ్యగారూ, అప్పుడు ఒక్క మాట అడిగితే చాలు గదా" అనెను. బృందములోనికి తిరిగి వత్తునని అనలేదు. రానని కూడ అనలేదు. కసరత్తు శనివారమునుండి ఆదివారము మధ్యాహ్నమునకు మార్చితిమని చెప్పి వచ్చితిమి. ఇప్పుడు కనిపెట్టుకొనుట మా వంతు. మిర్యాముకొరకు జనులు ఏడు దినములు ఆగిరి. మేము మూడు సంవత్సరములు ఆలస్యము చేసితిమి గనుక, ఎన్ని ఆదివారములు ఆగవలసివచ్చినను సణుగుటకు మాకు హక్కు లేదు.

పాఠశాల బాలుర పోటీ ఇంకను జరుగలేదు. వారు గెలుతురో లేదో మేమెరుగము. గెలువవలెనని కోరుచున్నాము, వారికొరకు ప్రార్థించుచున్నాము. నిన్న సాయంకాలము మరల ఆ వేపచెట్టు క్రింద కూర్చుంటిమి. బస్సు దిగి పరుగెత్తి వచ్చిన ఆ బాలుడు ఒక మూల నిలిచి తన బాకాను ఊదుకొనుచుండెను. తక్కినవారు వరుసలో నిలిచి, వాయిద్యములు దించుకొని, మాటలాడక వాని స్వరము హెచ్చువరకు వినుచుండిరి. తరువాత నాయకుడు దండమెత్తెను.

ప్రార్థన: మాకొరకు కనిపెట్టుకొని యున్న ప్రభువా, ఆలస్యముగా వచ్చిన మమ్మును నీవు త్రోసివేయలేదు. మా తొందరలో మేము విడిచివచ్చినవారి పేరులను మాకు జ్ఞాపకము చేయుము. వారి గుమ్మమునకు పోవుటకు మాకు దీనమనస్సును, వారు వచ్చువరకు ఆగుటకు ఓర్పును దయచేయుము. మా కన్నులు నీ చేతిమీదనే నిలుపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.