గోడమీది బొమ్మ సత్యము పలుకవలెనా?

సినిమా పోస్టరును గూర్చి ధర్మవిచారమేమిటని కొందరు నవ్వవచ్చును. మైదాజిగురుతో గోడకు అంటించబడి, వారము తిరుగకముందే వానకు తడిసి, మేకల నోట పడిపోవు కాగితమునకు ధర్మాధర్మములా! అయినను ఆ కాగితమును చూచియే ఒక కూలివాడు తన దినవేతనములో కొంత తీసి టిక్కెట్ల కిటికీలో పెట్టును. ఒకరి మాట నమ్మి మరియొకరు సొమ్ము చెల్లించు చోట ధర్మప్రశ్న పుట్టక మానదు. బొమ్మ కూడ మాటవంటిదేనా? అయినచో అది ఎవరికి బద్ధమై యుండవలెను? చూపరికా, చలనచిత్రమునకా, లేక గీచిన చేతికా? వేరువేరు దేశముల పాత పోస్టర్లను పక్కపక్కన ఉంచి చూచినచో ఈ ప్రశ్నకు పలువురు పలువిధముల సమాధానము చెప్పియున్నారని తెలియును.

మొట్టమొదట ఫ్రాన్సునకు పోవలెను. 1895లో లూమియేర్ సోదరుల ప్రదర్శనమునకై మార్సెలాఁ ఓజోల్ గీచిన పోస్టరున ఒక తెర కలదు. తెరమీద తోటమాలి ముఖమునకు గొట్టపు నీరు చిమ్ముకొనుచున్నది. ముందు వరుసలోనివారు పగలబడి నవ్వుచున్నారు. తెరమీద చూపినది చిత్రమున నిజముగా ఉన్నది. కనుక ఇది సత్యమైన పోస్టరని చెప్పబోవుదుము. కాని ఒక్క క్షణము నిలిచి చూడుడు. ఆ నవ్వుచున్న జనము ఎవరు? వారు చిత్రములోనివారు కారు. "మీరును ఇట్లే నవ్వుదురు" అను వాగ్దానమే జనరూపము దాల్చి అక్కడ కూర్చున్నది. వస్తువును గూర్చిన మాట నిజము కావచ్చును, అబద్ధము కావచ్చును; చూపరి మనస్సును గూర్చిన మాట నిజమో అబద్ధమో ఆట ముగిసిన పిదపగాని తేలదు. పుట్టుకతోనే పోస్టరు ఈ రెండు మాటలను కలిపి పలుకనేర్చినది.

ఆ రెండవ మాటయే అమెరికాలో మహావృక్షమైనది. 1958లో వచ్చిన 'యాభై అడుగుల స్త్రీ దాడి' అను చిత్రమునకు రేనాల్డ్ బ్రౌన్ వేసిన పోస్టరు నేటికిని లోకప్రసిద్ధము. రాజమార్గమునకు అటొక కాలు ఇటొక కాలు వేసి, చేత కారును పట్టుకొని ఒక మహాకాయ నిలిచియుండును. క్రింద మనుష్యులు చీమలవలె పరుగెత్తుచుందురు. స్వల్పవ్యయముతో తీసిన ఆ చిత్రములో అట్టి దృశ్యమే లేదు. మరి ఇది అబద్ధమగునా? మన ఆలంకారికులు అతిశయోక్తిని దోషమని అనలేదు, అలంకారమనిరి. ఏలన, మేడలు చంద్రుని తాకుచున్నవని కవి చెప్పినపుడు విన్నవాడు నిచ్చెన వేసికొని బయలుదేరడు. చెప్పువాడును వినువాడును ఇద్దరును ఎరిగిన హద్దు ఒకటి నడుమ నుండును. ఆ హద్దును ఒక్కడే ఎరిగియున్నప్పుడు అలంకారము మోసముగా మారును. బ్రౌన్ బొమ్మ ఏ వైపున నిలుచునో అది అమెరికాలోని చూపరుల అనుభవమును బట్టి యుండును. వారములో రెండు సినిమాలు చూచువానికి అది అలంకారము. కొత్తగా వచ్చిన పల్లెటూరివానికి కాదు.

ఈ విషయమున ఆఫ్రికాలోని ఘానా దేశపు ఉదాహరణము మరింత తేటగా నుండును. 1980, 1990ల దశాబ్దములలో అక్కడ కొందరు టెలివిజన్, వీడియో యంత్రము, విద్యుజ్జనకము బండిమీద వేసికొని ఊరూర చిత్రములు ప్రదర్శించిరి. అచ్చు పోస్టర్లు వారికి దుర్లభము. పిండిసంచులను కోసి, రెండింటిని కుట్టి, ఆ గుడ్డమీద తైలవర్ణములతో స్థానిక చిత్రకారులు బొమ్మలు వేసిరి. చిత్రమున లేని రాక్షసులు, లేని సర్పములు, తెగిపడిన తలలు ఆ గుడ్డలమీద వెలసినవి. ఆ రంగుల దిట్టతనమును, ఆ ఊహాశక్తిని చూచి ఆశ్చర్యపడనివాడు లేడు. నేనును వానిని మెచ్చుకొనెదను. కాని ఆ బొమ్మను చూచి పైకము చెల్లించి, రాత్రియంతయు ఆ సర్పము కొరకు ఎదురుచూచిన బాలుని తలచుకొన్నప్పుడు నా మెప్పు కొంత తగ్గును. బండి మరునాడు మరియొక ఊరికి పోవును. అడుగుటకు మనిషి యుండడు.

పోలండులో మరియొక మార్గము తొక్కిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము, 1946 ప్రాంతమున, ప్రభుత్వ చలనచిత్రసంస్థ పోస్టర్లు వేయుమని హెన్రిక్ తొమాషెవ్‌స్కి మొదలగు చిత్రకారులను అడిగినది. నటీనటుల ముఖములను అచ్చుగుద్దినట్లు వేయు పాత పద్ధతి తమకు పనికిరాదని, తమ రీతిని తమకు విడిచిపెట్టవలెనని వారు కోరిరి. 1948లో వియన్నా అంతర్జాతీయ ప్రదర్శనమున తొమాషెవ్‌స్కికి ఐదు ప్రథమ బహుమానములు లభించినవి. 1968లో వార్సాలోని విలానూవ్ వద్ద పోస్టర్లకే ఒక ప్రత్యేక మ్యూజియము వెలసినది.

హిచ్‌కాక్ తీసిన 'వర్టిగో' చిత్రమునే తీసికొందము. 1958లో అమెరికాలో సాల్ బాస్ వేసిన పోస్టరు నారింజవన్నె నేలమీద తెల్లని సుడి; ఆ సుడిలో పడిపోవుచున్న నల్లని పురుషాకృతి. 1963లో పోలండున రోమన్ చెష్లెవిచ్ వేసినది ఒక కపాలము. దాని నుదుట వలయములో వలయములు. బాస్ కథలోని తలతిరుగుడును చూపినాడు. చెష్లెవిచ్ ఆ తలతిరుగుడు ఎక్కడికి కొనిపోవునో చూపినాడు. ఆనందవర్ధనుని మాటలో చెప్పవలెనన్న, ఒకటి వాచ్యమునకు దగ్గరగా నిలిచిన వ్యంగ్యము, రెండవది వాచ్యమును దాదాపు విడిచిన వ్యంగ్యము. ఈ కపాలమును చూచి ఎవడును "ఇది చిత్రమున లేదే" అని తగవులాడడు. లేనిదానిని ఉన్నదని అది చెప్పలేదు గదా!

ఇంతవరకు వచ్చి, పోలండువారిదే ధర్మమార్గమని తీర్పు చెప్పుట సులభము. అయితే ఒక చిక్కు కలదు. అచ్చట చిత్రములను పంచునది ప్రభుత్వమొక్కటే. పోస్టరు బాగున్నను లేకున్నను ప్రజలకు చూచుటకు వేరు చిత్రములు లేవు. అమ్మవలసిన అక్కర లేనందుననే ఆ బొమ్మకు అబద్ధమాడవలసిన అక్కరయు లేకపోయెను. చిత్రకారుని స్వాతంత్ర్యము చూపరి నిస్సహాయతమీద నిలిచినది. సోవియట్ దేశమున స్టెన్‌బర్గ్ సోదరులు 1929లో 'సినిమా కెమేరా పట్టిన మనిషి' చిత్రమునకు ఆకాశహర్మ్యముల నడుమ ముక్కలై తిరుగు స్త్రీమూర్తిని వేసి అద్భుతము సాధించిరి. 1930ల దశకమున ప్రభుత్వము రుచి మార్చుకొనగా ఆ రీతికి చోటు లేకపోయెను. దయచేసి ఇచ్చినదానిని తిరిగి తీసికొనుట ఇచ్చినవారి చేతిలోనే యుండును. పోలండు కథకు మాత్రము ఒక విచిత్రమైన ముక్తాయింపు కలదు: 1989 జూన్ 4 నాటి ఎన్నికలకు తొమాష్ సర్నెట్‌స్కి వేసిన పోస్టరున, 'హై నూన్' చిత్రపు గారీ కూపర్ తుపాకికి బదులు ఓటుపత్రము పట్టుకొని, రొమ్మున సాలిడారిటీ చిహ్నముతో నడచివచ్చెను.

మన దేశమున పోస్టరు పుట్టుకయే చిత్రకారుని ఇంట. కొల్హాపురమున బాబూరావు పెయింటర్ (1890–1954) స్వయముగా దర్శకుడును, చిత్రకారుడును. 1924 నాటి 'కల్యాణ ఖజినా' పోస్టరు మనకు దక్కిన అతిప్రాచీనములలో ఒకటి. ఎం.ఎఫ్. హుసేన్ తొలిరోజులలో బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసికొన్నవాడే. మద్రాసు మౌంటురోడ్డు మీద రెండంతస్తుల ఎత్తున నిలిచిన బొమ్మలను ఎరిగినవారు మనలో ఇంకను ఉన్నారు. అక్కడనే 1967లో బాపు 'సాక్షి'తో ఈశ్వర్ ప్రవేశించి, పిదప కొన్ని దశాబ్దములు తెలుగు పోస్టరుకు తన కుంచెను ఇచ్చెను.

మన పోస్టరులోని అసత్యము దృశ్యములలో కంటె ముఖముల పరిమాణములో ఎక్కువగా నుండును. నాలుగు నిమిషములు కనబడు ప్రసిద్ధుని ముఖము గోడంతయు, కథను మోసిన నటుని ముఖము బొటనవ్రేలంతయు! ఇది మనకే పరిమితము కాదు. 2013లో బానిసత్వమును గూర్చిన ఒక అమెరికా చిత్రమునకు ఇటలీలో వెలువడిన పోస్టర్లలో, కథానాయకుడైన నల్లజాతి నటుని మూలకు త్రోసి, చిన్నపాత్ర ధరించిన బ్రాడ్ పిట్ ముఖమును పెద్దదిగా వేయగా, నిరసనలు చెలరేగి వానిని ఉపసంహరించుకొనవలసి వచ్చెను. ఇచ్చట మోసపోయినది చూపరి మాత్రమే కాడు. ఎవరి కథయో వారినే గోడమీదినుండి తుడిచివేయుట టిక్కెట్టు సొమ్ము కంటె పెద్ద అపచారమని నా తలంపు.

కాలము కొన్ని అసత్యములను కడిగివేయును. 1927 నాటి జర్మను చిత్రము 'మెట్రోపొలిస్'కు షుల్జ్-నోయ్‌డమ్ వేసిన పోస్టరు ప్రతి యొకటి 2005లో 6,90,000 డాలర్లకు అమ్ముడయ్యెను. దానిని కొన్నవాడు చిత్రము బాగుండునా యని విచారించియుండడు. వాగ్దానము గడువు తీరిన పిదప బొమ్మ బొమ్మగనే మిగులును. అయితే బొమ్మ నేడు అందముగా నున్నదనుట నాడు మోసపోయినవానికి జవాబు కాదు.

ఇక మన కుటుంబముల మాట. బరంపురములోను, షోలాపురములోను, బెంగుళూరు పాతపేటలలోను అంగళ్ల పేర్లు మరియొక లిపిలో నుండును. వీధిగోడమీద తెలుగక్షరము కనబడుట అరుదైనచోట, సినిమా పోస్టరులోని లావుపాటి అక్షరములను కూడబలుకుకొని చదువ నేర్చిన పిల్లలు మనలో లేకపోలేదు. అందువలన ఆ కాగితము మనకు ఆట ఎక్కడనో చెప్పుటతోపాటు, "ఇచ్చట నీ భాష వినబడును" అని కూడ చెప్పును. పరభాషలో తీసి, పెదవులకు అతుకని తెలుగుమాటలు తగిలించిన చిత్రమునకు అచ్చతెలుగు చిత్రమువలె పోస్టరు వేసి, అనువాదమను మాటను అడుగున చీమతలకాయలంత అక్షరములతో దాచినచో, సొంత మాట వినబడునని పిల్లలను వెంటబెట్టుకొని వచ్చినవానికి కలుగు నష్టము ఏ లేని రాక్షసుడును కలిగింపడు. అనువాద చిత్రములు చెడ్డవని నేననను. కొన్ని చాల మంచివి. ఆ మాటను చదువదగిన అక్షరములలో వేయుటకు గోడమీద చోటు చాలదా?