బడి విడుచుటకుఁ గారణము

బడిపట్టీలోఁ గడపటి గడి "విడుచుటకుఁ గారణము". ఉపాధ్యాయులమైన మేము దానిని రెండు మాటలతో నింపి మఱచిపోవుదుము. ఆ రెండు మాటలకు మేమెంతవఱకు బాధ్యులము?

అమెరికాలోని కార్లైల్ పట్టణమున ఆదిమజాతుల బిడ్డలకై 1879 మొదలు 1918 వఱకు నొక వసతిబడి నడచెను. అందుఁ జేరిన చెరోకీ బాలబాలికల చీటీలను నేఁడు వారి వంశీయులు వెదకుచున్నారు. చేరిన తేదీ, విడిచిన తేదీ, కారణము: గడువు తీరెను, పాఱిపోయెను, అనారోగ్యము. అంతే.

చెరోకీలు అక్షరము లెఱుఁగనివారు కారు. 1821 నాఁటికే సెక్వోయా వారి భాషకు లిపిని గూర్చెను. 1851లో వారు తామే బాలురకును బాలికలకును ఉన్నతపాఠశాలలు తెఱచిరి. అట్టివారు తమ తాతల జాడకై పరుల గుమాస్తా వ్రాతను నమ్ముకొనవలసివచ్చినది!

రోగియై యింటికంపఁబడిన బిడ్డ యింటనే కన్నుమూసినచో, బడి లెక్కలో నది చావు కాదు, నిష్క్రమణము. తల్లిని జూడఁగోరి నడచిపోయిన బాలుఁడు పాఱిపోయినవాఁడు. వ్రాసినవాఁడు బొంకలేదు; నిజమును మాత్రము చెప్పలేదు. ఇట్టి ప్రభుత్వ వసతిబడులలోఁ గనీసము 973 మంది బిడ్డలు మరణించిరని అమెరికా ప్రభుత్వమే 2024లో నొప్పుకొన్నది. ఇంటికిఁ బోయి చచ్చినవారిని ఏ గడిలో వెదకవలెను?

కొన్ని కట్టలలో నా చీటీలతోఁ గూడఁ దలిదండ్రుల యుత్తరములును గలవు, మా బిడ్డను మాకుఁ బంపుఁడని. వానికిఁ బట్టీలో గడి లేదు.