పిల్లల నడకను బట్టి

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 33:12–14, ద్వితీయోపదేశకాండము 6:6–7, మత్తయి 18:10–14



యాకోబు ఇరువది యేండ్ల తరువాత తన అన్నయైన ఏశావును కలిసికొనెను. కలిసి ప్రయాణమై పోదము రమ్మని అన్న పిలిచెను. ఏశావు వెంట నాలుగువందలమంది మనుష్యులుండిరి. అట్టి గుంపుతో సమానముగా నడచుట ఎవరికైనను గొప్పగానే ఉండును. అయినను యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు పసివారనియు, పాలిచ్చు పశువులను ఒక్క దినమైనను తొందరపెట్టి తోలినచో మంద దక్కదనియు చెప్పి, అన్నను ముందుగా సాగనంపి, తాను పిల్లల నడకను బట్టి మెల్లగా వచ్చెదననెను. ఈ మాటలో కొంత యుక్తి లేకపోలేదు. శేయీరునకు వచ్చెదనని చెప్పిన యాకోబు సుక్కోతునకు పోయెను. అయితే పిల్లలనుగూర్చి ఆయన చెప్పినది నిజమే. తండ్రియైనవాడు త్రోవలో దేనిని చూచి తన వేగమును నిర్ణయించుకొనవలెనో ఆయనకు తెలియును.

ఇప్పుడు మన గ్రామముల త్రోవలను చూడుడి. మన తాతల కాలములో ఎద్దుబండ్లు పోయిన బాటలమీద నేడు లారీలు పోవుచున్నవి. సికింద్రాబాదునుండి మేడ్చలు, తూప్రాను, రామాయంపేటల మీదుగా నాగపూరు పోవు రహదారిలో రాత్రియనక పగలనక బండ్లు తెగవు. ఆ రహదారికి ఒక ప్రక్క ఊరు, మరియొక ప్రక్క బడి ఉన్నచోట్లు ఎన్నియో కలవు.

2014వ సంవత్సరము జూలై 24వ తేది గురువారము ఉదయము, ఆ దారిలోనే మెదకు జిల్లా మాసాయిపేట యొద్ద, కాపలా లేని రైల్వే గేటును దాటుచున్న బడి బస్సును నాందేడునుండి సికింద్రాబాదునకు వచ్చు పాసింజరు బండి ఢీకొనెను. బస్సు నడిపినవాడును, పదిమందికి మించిన పిల్లలును చనిపోయిరి. గాయపడిన బిడ్డలను సికింద్రాబాదు ఆసుపత్రికి చేర్చిరి. పుస్తకముల సంచులు పట్టాల ప్రక్కన చెదరిపడియుండగా, తలిదండ్రులు తమ బిడ్డలను వెదకుకొనిరి.

కాపలా లేని గేటు యొద్ద ఏమి చేయవలెనో అప్పటికే చట్టములో వ్రాయబడియున్నది. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 131వ సెక్షను ప్రకారము, డ్రైవరు బండిని నిలుపవలెను. క్లీనరు గాని మరియొకడు గాని దిగి పట్టాలవరకు నడిచి, ఏ వైపునుండియు రైలు రాలేదని చూచిన తరువాతనే బండి దాటవలెను. ఒక మనిషి కాలినడకను ముందు పోయి చూడవలెనని చట్టము అడిగినది. 2019 జనవరి నాటికి దేశములోని బ్రాడ్‌గేజి మార్గములపైన కాపలా లేని గేట్లన్నియు తీసివేయబడినవి. అది మంచి పని. కాని లారీలు పోవు రోడ్డుకు గేటు లేదు, కాపలాదారుడును లేడు. అక్కడ దిగి నడిచి చూడవలసినవారము మనమే.

ఒక బిడ్డ రోడ్డుమీద చనిపోయినప్పుడు, “దేవుని చిత్తము” అని మనము త్వరగా అనుచుందుము. దుఃఖములో ఉన్న తల్లికి ఏదో ఒక మాట చెప్పవలెను గనుక అనుచుందుము. అయితే ఈ చిన్నవారిలో ఒక్కడు నశించుట పరలోకపు తండ్రికి ఇష్టము కాదని మన ప్రభువే చెప్పియుండగా, వేగముగా పోయిన బండివాని తొందరను, మన అజాగ్రత్తను దేవుని పేర వ్రాయుట న్యాయమా? అట్లని ఆ తలిదండ్రుల పాపమువలననే ఇట్లు జరిగెనని చెప్పువారు మరి ఎక్కువ కీడు చేయుదురు. సిలోయము గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయినప్పుడు, వారు మిగిలినవారికంటె పాపులని తలంపవద్దని ప్రభువు గద్దించెను. దుఃఖించువారి యింట మనము ఊరక కూర్చుండి ఏడ్చిన చాలును.

బయలుదేరునప్పుడు ప్రార్థన చేసితిమి గదా, దూతలు కాపాడుదురు అనువారును ఉన్నారు. ప్రార్థన చేయుడి, మానవద్దు. కాని దేవాలయ శిఖరముమీద నిలువబెట్టి, దుముకుము, దూతలు ఎత్తి పట్టుకొందురని చెప్పినది ఎవడో మీకు తెలియును. ప్రభువు దుముకలేదు.

ఇక నేర్పుట ఎట్లు? దేవుని మాటలను ఇంట కూర్చుండునప్పుడు మాత్రమే గాక, త్రోవను నడుచునప్పుడును పిల్లలకు నేర్పుమని మోషే ఆజ్ఞాపించెను. త్రోవను గూర్చిన పాఠము త్రోవలోనే చెప్పవలెను. ఆదివారపు బడిలో పలకమీద బొమ్మ గీసి చెప్పినంత మాత్రమున బిడ్డకు అది పట్టుబడదు. మోకాళ్లమీద వంగి, ఆరేండ్ల బిడ్డ కన్నుల ఎత్తునుండి ఒకసారి రోడ్డును చూడుడి. ఆగియున్న ఆటో వానికి గోడవలె ఉండును. దాని వెనుకనుండి వచ్చు బస్సు వానికి కనబడదు, బస్సువానికి వాడు కనబడడు. దూరముగా వచ్చు లారీ ఎంత వేగముగా వచ్చుచున్నదో తొమ్మిది పదియేండ్లు నిండువరకు బిడ్డ సరిగా అంచనా వేయలేడు. అది వాని మొండితనము కాదు. దేవుడు బిడ్డను మెల్లగా ఎదుగునట్లు చేసెను. కావున వాని చేయి మనము పట్టుకొనవలెను గాని, మన చేయి వానిని పట్టుకొనుమని విడువరాదు.

కాలిబాట లేనిచోట రోడ్డు కుడి అంచున నడిపించుడి. అప్పుడు దగ్గరగా పోవు బండ్లు ఎదురుగా కనబడును. దాటక మునుపు నిలువనిండు. మొదట కుడివైపు, తరువాత ఎడమవైపు, మరల కుడివైపు చూచి, ఏమి కనబడెనో వానినే చెప్పనిండు. బస్సు దిగిన బిడ్డ దాని ముందునుండి పరుగెత్తక, బస్సు వెళ్లిపోవువరకు అంచున నిలువవలెను. తండ్రి ప్రతిదినము డివైడరు ఎక్కి దాటుచుండగా బిడ్డకు వంతెన క్రిందినుండి పొమ్మని చెప్పిన వినునా? బిడ్డ మన కాళ్లను చూచి నేర్చుకొనును.

మోటారు సైకిలుమీద నాలుగేండ్లు నిండిన బిడ్డకును హెల్మెటు ఉండవలెనని చట్టమున్నది. పదునాలుగేండ్ల కుమారుడు బండి నడుపుచున్నాడని మురియు తండ్రులకు ఒక మాట: 2019లో సవరింపబడిన చట్టము ప్రకారము మైనరు బండి నడిపి నేరము చేసినచో, సంరక్షకునికి గాని బండి యజమానికి గాని మూడేండ్లవరకు ఖైదును, 25,000 రూపాయల జరిమానాయు కలుగును. ఆ జరిమానాకంటె గొప్ప నష్టమును గూర్చి మేము వేరుగా వ్రాయనక్కరలేదు.

డిసెంబరు నెలలో మన పిల్లలు రాత్రివేళ ఇంటింటికి పోయి క్రిస్మసు పాటలు పాడుదురు. మెదకు మహాదేవాలయమునకు కుటుంబములతో ప్రయాణములు కట్టుదురు. ట్రాక్టరు ట్రాలీలో మనుష్యులను ఎక్కింపరాదు; బస్సునకు కావలసిన చందాను సంఘ పెద్దలు ఇప్పటినుండియే కూర్చవలెను. పాటల గుంపులో పెద్దవాడొకడు ముందు, ఒకడు వెనుక దీపము పట్టుకొని నడువవలెను. చిన్నవారు మధ్యను, తెల్లని బట్టలతో నడువవలెను. రోడ్డు దాటునప్పుడు పాటయు డప్పును ఆపుడి. అప్పుడే బండి చప్పుడు వినబడును. పిల్లలు అలసిన యింటి యొద్దనే ఆ రాత్రి పాటలు నిలిపి, మిగిలిన యిండ్లకు మరునాడు వెళ్లవచ్చును.